మాదీ అదే మాట

పీపాలలంక సముద్రపు లాకు. కాపలా పుస్తకం. రాసేది నూకరత్నం.

జ్యేష్ఠ శుద్ధ నవమి

పోటు అయిదడుగులు. తలుపులు నాలుగుసార్లు. బడి పడవ వెళ్ళింది, వచ్చింది. పిల్లలు ముప్పై.

వ్యాఖ్యలు: ఈ గడి రెండు వేళ్ళ వెడల్పు ఉంటుంది. దీన్ని గీసినవాడికి లాకు దగ్గర ఏమీ జరగదని గట్టి నమ్మకం ఉన్నట్టుంది. నేను పక్క పేజీలోకి కూడా రాస్తాను. పైవాళ్ళు నీటిమట్టం తప్ప ఇంకేమీ చదవరని పన్నెండేళ్ళ అనుభవం మీద చెబుతున్నాను.

పొద్దున బుల్లబ్బాయి నాచు పడవేసుకుని సముద్రం వైపు నుంచి వచ్చాడు. లాకులో నీళ్ళు లోపలి మడుగుతో సమానం కావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది. ఆ ఇరవై నిమిషాలూ పడవవాడు నాకు చిక్కినట్టే, నేను పడవవాడికి చిక్కినట్టే. బడి ఎత్తేస్తున్నారని చెప్పాడు. నిన్న అష్టమి సమావేశంలో బడి కమిటీ ఏకగ్రీవంగా ఒప్పుకుందట. ఇక ఇంటింటికీ ఒక తెర ఇస్తారు, పిల్లలు ఇంట్లోనే కూర్చుని చదువుకుంటారు. బడి కింద పీపాలు విప్పి, ఆ గదుల్ని ఇంకో లంకకి లాక్కుపోతారు. సువార్త టీచర్ని కొండ మీదికి బదిలీ చేస్తారు. వచ్చే అష్టమికి ఇంకోసారి సరేనంటే ఖాయం.

ఎవరు ఒప్పుకున్నారని అడిగాను. అందరూనంట అన్నాడు. నువ్వేమన్నావని అడిగితే, తన పెట్టెని నలుగురితో మీద పెట్టాననీ, నాచుకోత రోజుల్లో బడి సంగతి చూసుకునే తీరిక ఎక్కడిదనీ అన్నాడు. కమిటీలో ప్రతి ఇంటికీ ఒక మాటపెట్టె ఉంది. మనం ఇంటి దగ్గర ఫోనులో దానికి చెప్పి పెడితే, అక్కడ బడిలో గోడగూట్లో కూర్చుని మన గొంతుతో మాట్లాడుతుంది. నలుగురితో అనే మీట నొక్కితే ఇక ఏమీ చెప్పక్కర్లేదు. ఎవరో ఒకరు మాట్లాడేదాకా ఆగి, ఆ తర్వాత "మాదీ అదే మాట" అంటుంది. నలుగురితో పాటు నారాయణ.

వాళ్ళ గంగ నాలుగో తరగతి. మా శబరి పక్కన కూర్చునేది. బడి పడవలో ముందు ముప్పై ఒక్కమంది ఉండేవారు. శబరి పోయిన ఆషాఢంలో ఉప్పుజ్వరంతో పోయింది. తొమ్మిదేళ్ళు.

బడి ఉంటే నాకేం, పోతే నాకేం అనుకున్నాను. తలుపు తీశాను. బుల్లబ్బాయి వెళ్ళిపోయాడు.

దశమి

పోటు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. తలుపులు ఆరుసార్లు. పిల్లలు ముప్పై. గొలుసుకి నూనె పెట్టాను.

వ్యాఖ్యలు: లేవు.

ఏకాదశి

పోటు ఆరున్నర అడుగులు. తలుపులు అయిదుసార్లు. పిల్లలు ముప్పై.

వ్యాఖ్యలు: సాయంత్రం పిల్లల్ని దింపాక సువార్త టీచరు పడవ దిగి, గట్టు మీద నా గది దాకా నడిచి వచ్చారు. ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కుతూ మూడుసార్లు ఆగారు. చేతిలో కమిటీ మినిట్స్ పుస్తకం.

టీ ఇచ్చాను. తాగలేదు. పుస్తకం నా ముందు పెట్టి, ఆషాఢం నుంచి చదవమన్నారు. చదివాను. బడిగంట శబ్దం తగ్గించి గుడ్డ చుట్టాలి. ప్రతిపాదన నూకరత్నం, మిగిలిన ముప్పైమంది ఆమోదం. కిటికీ పక్క చోటు శబరికే ఉంచాలి, గాలి తగలాలి. నూకరత్నం, ముప్పైమంది ఆమోదం. మధ్యాహ్నం ఎండలో వంతెన మీద ఆటలు వద్దు. నూకరత్నం, ముప్పై. పప్పులో ఎండుమిరపకాయ వద్దు. నూకరత్నం, ముప్పై. నెలకి రెండు అష్టములు. పేజీ తర్వాత పేజీ నేనే.

పదకొండు నెలలుగా నేను ఆ పెట్టెతో మాట్లాడలేదు. ఆపలేదు కూడా. దాన్ని ఆపాలనే సంగతే గుర్తు రాలేదు. శబరికి జ్వరం మొదలైన వారంలో నేను దానికి చెప్పినవన్నీ అది దాచుకుని, సమావేశానికి ఒకటి చొప్పున అడుగుతూ వచ్చింది. మిగతా ముప్పై పెట్టెలూ నలుగురితో మీదే ఉన్నాయి. ఆ నలుగురూ ఎవరని చూస్తే నేనొక్కదాన్నే.

చివరి పేజీలో పై ఆఫీసువాళ్ళు అడిగిన ప్రశ్న ఉంది: పిల్లల్ని బడికి పంపుతారా, ఇంట్లో చదివిస్తారా? దాని కింద నా జవాబు. "మా శబరికి ఒంట్లో బాగోలేదు. బడికి పంపను. ఇంట్లోనే చదివించండి." ఆ మాట నాదే. ఏ పూట అన్నానో కూడా తెలుసు, ఒక చేత్తో తడిగుడ్డ పిండుతూ అన్నాను. దాని కింద ముప్పైసార్లు, మాదీ అదే మాట.

"మీరు చెప్పొచ్చు కదండీ, ఆ పిల్ల లేదని" అన్నాను.

"పేరు తియ్యాలంటే తల్లో తండ్రో స్వయంగా వచ్చి సమావేశంలో నోటితో చెప్పాలి రత్నం. నేను చెబితే చెల్లదు. నిన్ను రమ్మని అడగడానికి నాకు నోరు రాలేదు. రోజూ పొద్దున పిలుస్తాను. రాలేదని రాస్తాను."

శబరి వాళ్ళ నాన్న పూడిక తీసే ఓడ మీద ఉంటాడు. ఆషాఢం తర్వాత ఇటు రావడం మానేశాడు. కాబట్టి తల్లే.

ఆవిడ ఇంకేమీ అడగలేదు. పుస్తకం తీసుకుని వెళ్ళిపోయారు. టీ నేనే తాగాను, చల్లారిపోయింది.

ద్వాదశి

పోటు ఏడడుగులు. తలుపులు ఏడుసార్లు. పిల్లలు ముప్పై.

వ్యాఖ్యలు: కోపం వస్తుందేమో అని నిన్నటి నుంచి చూస్తున్నాను. రాలేదు. బాధ వస్తుందేమో అని చూశాను. అదీ రాలేదు. చెయ్యి మీద పడుకుని లేస్తే చెయ్యి మనది కానట్టు ఉంటుంది కదా, నేను మొత్తంగా అలా ఉన్నాను. అన్నం వండుకున్నాను. తిన్నాను.

త్రయోదశి

పోటు ఏడడుగుల పది అంగుళాలు. తలుపులు ఎనిమిదిసార్లు. పిల్లలు ముప్పై.

వ్యాఖ్యలు: మధ్యాహ్నం పై ఆఫీసు సరుకు పడవ వచ్చింది. ఇంటిబడి తెరలు, అట్టపెట్టెల్లో. అష్టమి రాకముందే పంపేశారు. పెళ్ళి కుదరకముందే పురిటికి మంచం అల్లినట్టు. ఎన్నని అడిగితే ముప్పై ఒకటి అన్నాడు పడవవాడు. లాకు దాటిన సరుకుకి నేను సంతకం పెట్టాలి. పెట్టాను. వాడు ఒక అట్టపెట్టె తీసి నా గది వసారాలో దించాడు. దాని మీద శబరి పేరు, నాలుగో తరగతి అని ఉంది. వెనక్కి తీసుకెళ్ళమంటే, రిజిస్టర్లో పేరున్న ప్రతి పిల్లకీ ఇవ్వాలనీ, వెనక్కి తీసుకునే కాగితం తన దగ్గర లేదనీ అన్నాడు. ఏడాది కిందట రావాల్సిన మూడో తరగతి పుస్తకాలు మాత్రం ఇప్పటికీ రాలేదు.

పున్నమి

పోటు తొమ్మిదడుగుల రెండంగుళాలు. తలుపులు పద్నాలుగుసార్లు. పిల్లలు ముప్పై.

వ్యాఖ్యలు: పున్నమి పోటుకి నాచు పడవలన్నీ లోపలికి వస్తాయి. ఉదయం నుంచి సాయంత్రం దాకా చక్రం తిప్పుతూనే ఉన్నాను. తీర్మానం ఎవరి పెట్టె నోట్లోంచి వచ్చిందో అందరికీ తెలిసిపోయింది. పీపాలలంకలో మాట నీళ్ళకన్నా తొందరగా సమానమవుతుంది.

ఒక్కరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. ఒక్కొక్కరూ లాకులో ఆగిన ఇరవై నిమిషాల్లో, ఎక్కడెక్కడో మొదలుపెట్టి, నెమ్మదిగా అదే సలహా దగ్గరికి వచ్చారు. ఆ పెట్టెకి జ్వరం తగ్గిందని చెప్పెయ్. బడికి పంపుతానని అంటుంది. మావన్నీ దాని వెనకే అంటాయి. బడి నిలబడుతుంది. ధనకొండ అయితే ఇంకో అడుగు ముందుకు వేసి, పనిలో పనిగా తన కొడుకుని ముందు వరసలో కూర్చోబెట్టమని కూడా నా పెట్టెతో అనిపించమంది.

మీరే ఒకసారి వెళ్ళి బడి కావాలని చెప్పొచ్చు కదా అన్నాను. అందరూ నీళ్ళలోకి చూశారు. ఈ లంకలో మొదట నోరు తెరిచినవాడి నెత్తినే ఆ పని పడుతుంది. పదేళ్ళ కిందట రేవుమెట్లు బాగుచేయించాలని మొదట అన్న పాపానికి కామరాజు ఇప్పటికీ ఆ మెట్ల నాచు గోకుతున్నాడు. అది చూసిన వాళ్ళెవరూ ఇక సమావేశంలో మొదటి మాట అనరు. వెనక మాట అనడానికి మాత్రం అందరూ సిద్ధం.

బుల్లబ్బాయి ఆఖరున వచ్చాడు. గంగ పడవ ముందు కూర్చుని ఉంది.

"నా పెట్టెకి చెప్తే నా ఒక్కడి మాటే అవుద్ది అక్కా. నీ పెట్టెకి చెప్తే ముప్పై ఒక్క మాటలు. శబరి పేరు కూడా అలాగే ఉంటది. నీకూ బాగుంటది, మాకూ బాగుంటది."

వాడు చెడ్డవాడు కాదు. లెక్క కూడా తప్పు కాదు. సరే చూస్తాను అన్నాను.

బహుళ పాడ్యమి

పోటు తొమ్మిదడుగులు. తలుపులు తొమ్మిదిసార్లు. పిల్లలు ముప్పై.

వ్యాఖ్యలు: మధ్యాహ్నం పడవలు లేని వేళ చూసి గదిలో ఫోను తీశాను. పెట్టె పలికింది. నా గొంతే. ఏడాది కిందటి నా గొంతు ఇంత తొందర తొందరగా ఉండేదని నాకు తెలియదు. కొత్త సంగతి చెప్పాలంటే పాత సంగతి ముందు తేల్చాలని అంది.

"శబరికి జ్వరం తగ్గిందా?"

తగ్గిందని చెప్పాను. అబద్ధం ఆడటం ఇంత తేలికైతే ఇన్నాళ్ళు ఎందుకు ఆడలేదో అనుకున్నాను.

చాలా సంతోషం అంది. రేపటి నుంచి బడికి పంపుతున్నట్టు రాసుకుంటున్నానంది. అంతటితో అయిపోతే ఈపాటికి నేను ఈ పుస్తకం మూసి పడుకునేదాన్ని. అది మళ్ళీ అడిగింది. యూనిఫాం కొలతలు పాతవయ్యాయట. పిల్ల ఇప్పుడు ఎంత ఎత్తు ఉంది?

ఉండు అన్నాను. ఫోను బల్ల మీద పెట్టి బయటికొచ్చాను. బడి పడవ వచ్చేదాకా గట్టు మీదే ఉన్నాను. గంగ దిగి, ఇనప కమ్మీ పట్టుకుని నిలబడింది. పోయినేడు ఆ పిల్లా మా పిల్లా ఒకే ఎత్తు. కమ్మీలో రెండో అడ్డపట్టీ దాటి నాలుగు వేళ్ళు పెరిగింది గంగ. ఆ పట్టీ నేల నుంచి ఎంతో నాకు తెలుసు, ఈ లాకులో ప్రతి అంగుళమూ నాకు తెలుసు. లెక్క కట్టాను. లోపలికి వెళ్ళి ఫోను తీశాను. అంకె నోటి దాకా వచ్చింది.

ఇంకొకరి పిల్ల ఎత్తు దొంగిలించి నా పిల్లకి పెడుతున్నాను.

"తగ్గలేదు" అన్నాను.

"అయ్యో. జాగ్రత్తగా చూసుకోండి" అంది నా గొంతు.

తదియ

పోటు ఎనిమిదడుగులు. తలుపులు అయిదుసార్లు. పిల్లలు ముప్పై. బుల్లబ్బాయి చెప్పావా అని అడిగాడు. చెప్పలేదన్నాను. మొహం ముడుచుకుని వెళ్ళాడు.

వ్యాఖ్యలు: లేవు.

పంచమి

పోటు ఏడడుగులు. తలుపులు అయిదుసార్లు. పిల్లలు ముప్పై.

వ్యాఖ్యలు: పొద్దున తొమ్మిదింటికి వసారాలో అట్టపెట్టె మాట్లాడింది. నేను కత్తిపీట ముందు వంకాయలు కోస్తున్నాను. లోపల తెర తనంతట తాను పరీక్ష చూసుకుంటుందట, ఆ సంగతి అట్ట మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంది, తర్వాత చదివాను. ముద్దుగా ఉండే ఆడగొంతు. "శబరీ, హాజరు చెప్పమ్మా." కాసేపాగి మళ్ళీ. మూడోసారి పిలిచి, "శబరి రాలేదు" అని తనే రాసుకుని ఊరుకుంది. వంకాయలు నల్లబడ్డాయి.

సువార్త టీచరు కూడా రోజూ అదే మాట అంటారు. కానీ ఆవిడ అన్నప్పుడు ముప్పైమంది పిల్లలు వింటారు. గంగ పక్కన ఖాళీ చోటు ఉంటుంది, ఆ ఖాళీ ఎవరిదో అందరికీ తెలుసు. అట్టపెట్టెకి ఎవరు వచ్చారో ఎవరు రాలేదో ఒకటే.

రేపు ఇది ప్రతి ఇంట్లో పలుకుతుంది. బుల్లబ్బాయి ఇల్లు నాచుమడిలో ఒంటరిగా తేలుతుంది, చుట్టూ మైలు దూరంలో ఇంకో పిల్ల లేదు. గంగ ఒక్కతే కూర్చుని హాజరండీ అంటుంది. రెండోరోజు అంటుంది. తర్వాత ఎవరితో అంటున్నానో అని ఆలోచిస్తుంది. ఆ పిల్లని అలా కూర్చోబెట్టింది నేను. జ్వరంతో ఉన్న నా పిల్ల కోసం చెప్పుకున్న జాగ్రత్తలన్నీ ఏడాదిగా ముప్పైమంది ఆరోగ్యంగా ఉన్న పిల్లల మీద రుద్దాను. ఎండలో ఆడనివ్వలేదు. ఇప్పుడు మంచం కూడా ఎక్కిస్తున్నాను.

అప్పుడు కోపం వచ్చింది. నా మీద కొంచెం, నలుగురితో మీట నొక్కి నాచు కోసుకుంటున్న వాళ్ళ మీద చాలా. పదకొండు నెలల తర్వాత వచ్చిన కోపం కాబట్టి అది వెళ్ళిపోకుండా చూసుకున్నాను.

అష్టమికి నేను వెళ్ళాలి. వెళ్ళి నోటితో చెప్పాలి. చెబితే నా పెట్టె మాట చెల్లదు, దాని వెనక అన్న ముప్పై మాటలూ చెల్లవు, బడి నిలబడుతుంది. శబరి పేరు పోతుంది. బడిలో పిల్ల లేని తల్లికి ఆ గదిలో కూర్చునే హక్కు కూడా ఉండదు. ఆ పేరు పలికే చోటు ఇక ఈ లంకలో ఎక్కడా ఉండదు.

వంకాయలు పారేసి చారు పెట్టుకున్నాను.

అష్టమి

పోటు అయిదడుగులు, బదిలీ మనిషి అప్పన్న రాసిపెట్టాడు. తలుపులు మూడుసార్లు. పిల్లలు ముప్పై, పెద్దవాళ్ళు ఒకరు.

వ్యాఖ్యలు: సమావేశాలన్నీ అష్టమికే. ఆ రోజు నీళ్ళు మందంగా ఉంటాయి, పడవలకి తేలిక. అష్టమి నాడు మంచి పని మొదలుపెట్టకూడదని మా అమ్మమ్మ అనేది. ఆవిడ నేల మీద పుట్టిన మనిషి. ఇక్కడ నీళ్ళు చెప్పిందే ముహూర్తం.

పిల్లలతో పాటే బడి పడవెక్కాను. ఎవరూ అల్లరి చేయలేదు.

పదింటికి కమిటీ గదిలో కూర్చున్నాను. నేనూ, సువార్త టీచరూ, గోడకి ముప్పై ఒక్క గూళ్ళూ. ఒక్కో గూట్లో అరచేతంత పెట్టె, కింద ఇంటి పేరు. పై ఆఫీసు గొంతు కప్పుకి బిగించిన స్పీకరులోంచి వచ్చింది. స్వయంగా ఒక సభ్యురాలు హాజరయ్యారని గుర్తించి, అటువంటప్పుడు పాటించాల్సిన నిబంధన చాలాసేపు చదివింది. ఎనిమిదేళ్ళుగా ఆ నిబంధన వాడలేదట. ఆ తర్వాత, ఇంటిబడి తీర్మానం ఖాయం చేసే ముందు సభ్యులు చెప్పేది ఏమైనా ఉందా అని అడిగింది.

లేచి నిలబడ్డాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మా శబరి చనిపోయింది. జ్వరంతో పోయింది. పేరు తీసెయ్యండి."

ఏడుపు రాలేదు. పని అయిపోయింది, కూర్చోవచ్చు అనుకున్నాను. అప్పుడు గోడ మాట్లాడింది.

పై వరస మొదటి గూట్లోంచి ధనకొండ గొంతు, "మాదీ అదే మాట." దాని పక్కన కామరాజు గొంతు, "మాదీ అదే మాట." బుల్లబ్బాయి గొంతు. వాళ్ళ పక్క మడివాళ్ళ గొంతు. ఎడమ నుంచి కుడికి, వరస తర్వాత వరస, ముప్పై గొంతులు. వాటికేం తెలుసు. ఎవరో ఒకరు మాట్లాడారు, వెనక అన్నాయి. కానీ అవి మా లంక మనుషుల గొంతులు. పదకొండు నెలల్లో ఒక్కరు కూడా నా ఎదుట నిలబడి నీ పిల్ల పోయింది అనలేదు. శబరి పేరొస్తే మాట మార్చారు, నీళ్ళలోకి చూశారు. ఇవాళ ముప్పైమందీ ఒకరి తర్వాత ఒకరు ఒప్పుకున్నారు. గోడ పట్టుకుని నిలబడ్డాను. కాళ్ళలోకి ఏదో తిరిగి వస్తున్నట్టు, పాదాల నుంచి పైకి నొప్పి పుట్టింది.

సువార్త టీచరు నాకన్నా ముందు అసలు సంగతి గ్రహించారు. కుర్చీలోంచి సగం లేచి, ఆగండి ఆగండి అన్నారు. స్పీకరు ఆగలేదు. స్వయంగా వచ్చిన సభ్యురాలి మాటతో ఏకీభవించారు కనుక అందరి మాటా స్వయంగా చెప్పినట్టే చెల్లుతుందని, ముప్పై ఒక్కమంది పిల్లల పేర్లు మరణం కారణంగా రిజిస్టరు నుంచి తీసివేయడమైనదని చదివింది. బడిలో పిల్లలు లేరు కనుక ఇంటిబడి తీర్మానం రద్దు. పొరపాటున తీసిన పేరు ఏదైనా ఉంటే, తల్లో తండ్రో పిల్లని వెంటబెట్టుకుని మూడు రోజుల్లో స్వయంగా వచ్చి, పిల్ల బతికే ఉందని నోటితో చెప్పాలి. పెట్టె చెబితే చెల్లదు. ఆలోగా ఎవరూ రాకపోతే బడి మూత.

గోడ అవతల పిల్లలు ఎక్కం అప్పజెబుతున్నారు. టీచరు నా వైపు చూశారు. నవ్వాలో ఏడవాలో ఆవిడకీ తెలియలేదు.

నవమి

పోటు అయిదడుగుల మూడంగుళాలు. తలుపులు పదకొండుసార్లు. బడి పడవ నడవలేదు, ఎక్కడానికి పేర్లున్న పిల్లలు లేరు.

వ్యాఖ్యలు: తెల్లవారేసరికి ఇంటింటికీ కబురు అందింది. మీ పిల్ల మరణానికి చింతిస్తున్నాము, యూనిఫాం తిరిగి ఇవ్వండి. ఆ రెండు వాక్యాలూ ఒకే కాగితం మీద. ఇవాళ అందరూ తిట్టారు. ధనకొండ లాకు గోడ మీద మట్టి చల్లి శాపనార్థాలు పెట్టింది. నేను అడ్డు చెప్పలేదు.

బుల్లబ్బాయి పడవ దిగి గట్టెక్కి వచ్చాడు. చేతిలో ఆ కాగితం ఉంది.

"నిక్షేపంలాంటి పిల్ల అక్కా. చచ్చిపోయిందని రాయిత్తావా? నీకు మనసెలా ఒప్పింది?"

"నేను నా పిల్ల గురించే చెప్పాను బుల్లబ్బాయ్. నీ పిల్ల గురించి నీ పెట్టె చెప్పింది."

కాగితం మళ్ళీ చదువుకున్నాడు. గంగ పేరు, వయసు, కారణం. చదివినకొద్దీ కోపం తగ్గి, మొహం ఇంకోలా అయింది. ఆ మొహం నాకు తెలుసు, అద్దంలో చూసుకున్నాను. వాడికి ఒక్కరాత్రి, అదీ ఒట్టి కాగితం మీద. అయినా జాలేసింది. పదకొండు నెలల్లో ఇంకొకరి మీద నాకు కోపం కాకుండా ఏదైనా అనిపించడం ఇదే మొదలు. రేపు పొద్దున తొందరగా తలుపులు తీసి ఉంచుతానని చెప్పాను.

దశమి

పోటు ఆరడుగులు. తలుపులు ఇరవైరెండుసార్లు. పడవలు ముప్పై.

వ్యాఖ్యలు: ఆరింటికే వరస కట్టారు. నాచు పడవలు, వలల పడవలు, మంచినీళ్ళ పడవ. ప్రతి దాంట్లో ఒక పెద్దమనిషి, ఒక పిల్లో పిల్లాడో. పిల్లలందరికీ తలంటి, ఉతికిన బట్టలు వేశారు. రోజువారీ కాని పడవ లోపలికి పోవాలంటే, పనేంటో అడిగి రాసుకోవడం నా ఉద్యోగం. అడిగాను. కామరాజు తల వంచుకుని, మా వాడు బతికే ఉన్నాడని చెప్పడానికి అన్నాడు. రెండో పడవా అదే అంది. మూడో పడవలో ధనకొండ. నిన్న శాపనార్థాలు పెట్టిన మనిషి, నా మొహం చూసి నోరు తెరవలేకపోయింది. కొడుకుని దగ్గరికి లాక్కుని నిలబడింది. ఆ తర్వాత నేను అడగడం మానేశాను. ఇరవైఎనిమిది పడవలకి నేనే "బడి పని" అని రాశాను.

వాళ్ళు అక్కడ సాయంత్రం దాకా ఉన్నారు. ఏం జరిగిందో తిరుగు పడవలు చెబుతూ వచ్చాయి, ఒక్కో పడవ ఒక్కో రకంగా. పేర్లన్నీ మళ్ళీ రాయించారు. ఎలాగూ వచ్చాం కదా అని కూర్చున్నారు. కూర్చున్నాక ఒకరి మాట ఒకరికి పడలేదు. ఇంటిబడి మంచిదే అన్నవాళ్ళు ఆరుగురు తేలారు, గట్టిగానే వాదించారట. వద్దన్నవాళ్ళు ఇరవైనాలుగు. గంట గుడ్డ విప్పాలా అని అరగంట, పప్పులో మిరపకాయ మీద గంట. కామరాజు బల్ల గుద్దాడట. ఎవరి పెట్టె వాళ్ళు ఇంటికి తెచ్చేసుకున్నారు, కొందరు పడవలో కాళ్ళ దగ్గర పెట్టుకున్నారు. అట్టపెట్టెలు పై ఆఫీసుకి తిప్పి పంపమని రాశారు. శబరి పేరు చివర గీత గీసి, ఆ పిల్ల పోయిన తారీఖు వెయ్యకుండా ఖాళీ ఉంచారట సువార్త టీచరు.

ఆఖరున బుల్లబ్బాయి పడవ. లోపలి నుంచి వచ్చి లాకులో ఆగింది. గంగ పడవ అడుగున పడుకుని నిద్రపోతోంది. నేను వెనక తలుపు వేసి, నీళ్ళు వదిలాను. సగం నీళ్ళు దిగాక మాట్లాడాడు.

"అక్కడ నుంచుని మా గంగ బతికే ఉందండీ అన్నానక్కా." వంగి గంగ జుట్టు సర్దాడు. "శబరి ఏ రోజు పోయింది?"

ఎవరూ నన్ను అది అడగలేదు. ఆషాఢ శుద్ధ చవితి అని చెప్పాను. మధ్యాహ్నం పూట, పోటు తిరిగి పాటు మొదలయ్యే వేళ అని కూడా చెప్పాను. వాడు వేళ్ళ మీద లెక్క పెట్టుకున్నాడు. ఇంకా తొమ్మిది రోజులు.

"పోయినేడు నేను రాలేదు. ఏం మాట్లాడాలో తెలవక రాలేదు. ఈసారి వత్తాను. మా ఆవిడా వత్తది. ఇంకా ఎవరొత్తారో నేను అడుగుతాను అందరినీ."

ఎవరూ రాకపోతే అన్నాను.

"నేనే ముందు అడుగుతున్నాను కదక్కా. నా నెత్తిన పడనీ."

చక్రం పట్టుకుని ఏడ్చాను. ఊపిరి ఆడనంతగా ఏడ్చాను. వాడు ఓదార్చలేదు, నీళ్ళలోకి చూడలేదు, పడవలో నిలబడి నా వైపే చూస్తూ ఉన్నాడు. నీళ్ళు ఎప్పుడో సమానమయ్యాయి. తలుపు తీయాలని ఇద్దరికీ తోచలేదు.